థానకూపీది యాస కాదు, భాష

సంపాదకుడు గారికి నమస్కారం.

పది రోజుల క్రితం మీ ఆదివారం అనుబంధంలో ఆస్ట్రేలియా ఆదివాసీ మట్టి కళాకారిణి మీద అరపేజీ వ్యాసం వచ్చింది. కోపం తగ్గాక రాద్దామని ఆగాను. తగ్గలేదు.

ముందు పేరు సంగతి. 'గ్లోరియా' అని వేశారు. అది క్రైస్తవ మిషన్ కాలం నాటి పేరు. ఆవిడ తన పనికి వాడిన పేరు థానకూపీ. వాళ్ల భాషలో అది వాటిల్ పువ్వు, మన తుమ్మ పువ్వుకి చుట్టం. ఇక రెండోది, 'తన యాసను కాపాడుతోంది' అని రాశారు. ఆవిడ 2011లోనే కన్నుమూశారు. ఆ మాత్రం చూసుకునే మనిషి డెస్కులో లేరా? ఒకప్పుడు మీ పత్రికలో అచ్చుతప్పు పడినా మర్నాడు సవరణ వేసేవారు. ఇప్పుడు మనిషి బతికున్నారో లేదో కూడా చూడటం లేదు.

నన్ను ఎక్కువ బాధ పెట్టింది 'యాస' అన్న మాట. థైనక్విత్ యాస కాదు, భాష. క్వీన్స్‌లాండ్ ఉత్తరాన, కేప్ యార్క్ పడమటి తీరంలోని వైపా ప్రాంతపు భాష. అక్కడి ఎర్రనేల నిండా బాక్సైట్, అంటే అల్యూమినియం తీసే ఖనిజం. 1957లో ప్రభుత్వం చట్టం చేసి మరీ ఆ నేలను అల్యూమినియం కంపెనీకి రాసిచ్చింది. 1963లో పక్కనున్న మపూన్‌లో పోలీసులు జనాన్ని పడవెక్కించి పంపేశారు, ఇళ్లు తగలబెట్టారు. మీ వ్యాసంలో ఇందులో ఒక్క ముక్క లేదు. నేల పోయి, జనం చెదిరిపోతే భాష దానంతటదే అంతరించిపోతోందని రాయడం న్యాయమా?

ఆవిడ మొదట చిన్నపిల్లల టీచరు. 1971లో సిడ్నీ వెళ్లి కుండల పని చదువుకున్నారు. వాళ్ల ఊళ్లో బంకమన్ను ఆటవస్తువు కాదు. ఆచారాలకు వాడేది కాబట్టి పెద్దలు భద్రంగా దాచేవారు, పిల్లల్ని ముట్టనిచ్చేవారు కాదు. ఆ మన్నుతోనే ఆవిడ గుండ్రటి కుండలు చేసి, వాటి చుట్టూ తాతలు చెప్పిన కథలు చెక్కారు. బ్రెజిల్‌లో జరిగే అంతర్జాతీయ కళాప్రదర్శన సావోపాలో బియన్నాలేకి ఆస్ట్రేలియా తరఫున సాంస్కృతిక కమిషనర్‌గా వెళ్లారు.

మా అమ్మాయి కాన్‌బెర్రాలో ఉంటుంది. అక్కడి నేషనల్ గ్యాలరీ బయట థానకూపీ 2010లో చేసిన గోళం ఉంది, పేరు 'ఎరాన్'. అది మట్టిది కాదు, అల్యూమినియంది. ఏ లోహం కోసం వాళ్ల నేలను తవ్వేశారో ఆ లోహంలోనే వాళ్ల కథ! లోతుగా చెక్కిన గీతలో వేలు పెట్టి చుట్టూ తిరిగాను. కథ ఎక్కడ మొదలైందో, ఎక్కడ ముగిసిందో దొరకలేదు. చాలాసేపు అక్కడే నిలబడిపోయాను.

ఇంత పేరొచ్చాక కూడా ఆవిడ కూర్చుని తన భాషలోని మాటలు ఒక్కొక్కటే పోగుచేశారు. 2007లో థైనక్విత్ నిఘంటువు తెచ్చారు. అసలు వార్త అది. మీ అరపేజీలో దానికి ఒక్క వాక్యం దక్కలేదు.

నాకెందుకింత పట్టింపు అంటారేమో. సీతంపేట కొండల్లో ఇరవై ఏళ్లకు పైగా సవర గిరిజన పిల్లలకు పాఠాలు చెప్పాను. చేరిన కొత్తలో ఒకటో తరగతి పిల్లవాడు ఏదో అడుగుతున్నాడు, నాకు అర్థం కాదు. అల్లరి అనుకుని కూర్చోమని గద్దించాను. కాసేపటికి పక్కపిల్ల తెలుగులో చెప్పింది, "సార్, ఆడికి దాహమేస్తంది" అని. ఆ పిల్లవాడి ముఖం ఇప్పటికీ గుర్తుంది. తర్వాత వాళ్ల భాషలోనే, సవరలో, వాచకాలు వచ్చాయి. మా బడికి వచ్చిన కట్ట విప్పకుండానే చెదలు పట్టింది. తనిఖీకి వచ్చిన అధికారికి చూపిస్తే, "అది భాష కాదు మాస్టారూ, యాస. టెన్షన్ పెట్టుకోకండి" అన్నారు. మీ వ్యాసంలో అదే మాట చూశాను.

ఆగస్టు 29న గిడుగు రామమూర్తి గారి పుట్టినరోజుని తెలుగు భాషా దినోత్సవం అంటూ అందరం దండలు వేస్తాం, మీరూ పేజీలు వేస్తారు. ఆయన పర్లాకిమిడిలో ఉండి సవర నేర్చుకుని, సవర పిల్లలకు బడులు పెట్టి, 1931లో వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారన్న సంగతి ఆ పేజీల్లో ఎన్నిసార్లు వచ్చింది? థానకూపీ అక్కడ చేసిన పనే ఆయన ఇక్కడ చేశారు. ఒక తేడా ఉంది. గిడుగు ఆ భాష నేర్చుకుని చేశారు, ఆవిడ తన ఇంటిభాషకే చేసుకోవలసి వచ్చింది.

దయచేసి వచ్చే ఆదివారం సవరణ వేయండి. పేరు థానకూపీ. భాష థైనక్విత్. ఆవిడ 2011లో మరణించారు, నిఘంటువు 2007లో వచ్చింది. ఈ నాలుగు ముక్కలు చాలు.

ఇట్లు,
ఒక విశ్రాంత తెలుగు ఉపాధ్యాయుడు,
పాలకొండ