గోదారి ఎర్రబడింది

రాజమండ్రి,
ఆగస్టు 18

ఒరేయ్ సత్తిబాబూ,

ఫోన్ ఎత్తలేదని అలిగావట. పుష్కరాల రేవు మెట్ల మీద ఉన్నాను రా, ఆ హోరుకి వినపడలేదు. గోదారికి వరద ఎర్రనీరు వచ్చేసింది. ఈ గట్టు నుంచి కొవ్వూరు దాకా చిక్కటి టీ పోసినట్టుంది.

టీ కొట్టు దగ్గర ఒకటే మాట, "భద్రాచలంలో ఎంతుందట?" అక్కడ 43 అడుగులకి మొదటి హెచ్చరిక ఇస్తారు. ఆ నీళ్లు మన దాకా వచ్చి ధవళేశ్వరంలో 11.75 అడుగులు తాకితే ఇక్కడా ఇస్తారు. మనకది వినోదం, ఫొటోలు తీసుకుంటాం. మా చిన్నమావయ్య మాత్రం ఏటి మధ్య లంకలో ఉన్న గేదెల్ని గట్టు మీదకి తోలుకొచ్చి కూర్చున్నాడు. అరటితోట మునిగింది. "గోదారిని తిట్టుకోవా?" అంటే, "ఒండ్రు ఊరికే పోస్తుందేంట్రా?" అన్నాడు!

అన్నట్టు, పులస చేప. మొన్న బజారులో ఒకటి చూశాను. చూశాను అంతే, ధర విని వెనక్కొచ్చాను. సముద్రంలో విలస, ఈ ఎర్రనీటికి ఎదురీదితే పులస. పాపం, ఎంత ఈదినా ధవళేశ్వరం బ్యారేజీ దగ్గర ఆగాల్సిందే. అలాగని ఆనకట్టని ఏమంటాం? 1852లో కాటన్ దొర అది కట్టించాకే కదా డెల్టాకి మూడు పూటలా అన్నం. ఇప్పుడున్న బ్యారేజీ తర్వాత కట్టిందనుకో. ఇంత నీరు సముద్రం పాలవుతోందా, తీరా దాళ్వాకి, అదే రెండో పంటకి, వచ్చేసరికి ఎగువన సీలేరు ప్రాజెక్టు నుంచి ఎప్పుడు వదుల్తారా అని ఎదురుచూపులు.

నాకు ఒళ్లు మండేది మాత్రం మురుగు విషయంలో. మనం తాగేదీ గోదారి నీళ్లే, ఊరి మురుగు కలిపేదీ గోదారిలోనే. వరదప్పుడు తెలీదు గానీ ఏప్రిల్‌లో రేవుల దగ్గర ఆ వాసన నీకూ గుర్తుండే ఉంటుంది. హారతి చూడ్డానికి వచ్చినవాళ్లే దీపం వదిలేసి, ఆ ప్లాస్టిక్ కవర్ కూడా నీళ్లలోకే విసురుతారు. నిన్న ఒకాయనకి చెప్పబోతే, "గంగమ్మ తల్లి అన్నీ కడుక్కుంటుంది బాబూ" అన్నాడు. ఏం మాట్లాడతాం!

దసరాకి వస్తున్నావు కదా. అప్పటికి నీరు తేరుకుంటుంది. పాత హేవలాక్ వంతెన కనపడేలా గట్టు మీద కూర్చుందాం. పులస మీద ఆశ పెట్టుకోకు, అమ్మ చేత బొమ్మిడాయి చేపల పులుసు పెట్టిస్తాను.

నీ,
బుజ్జి