కట్టె ధర వేరు, చెట్టు దించే ధర వేరు

సంపాదకులకు,

ఎండాకాలపు ఈదురుగాలులకు కొమ్మలు విరిగి రేకుల మీదో తీగల మీదో పడినప్పుడల్లా మాకు ఫోన్లు వస్తాయి. అందరూ మొదట అడిగేది ‘చెట్టుకు ఎంత తీసుకుంటారు?’ అని. ధర చెప్పగానే, కట్టె మీకే వదిలేస్తున్నాం కదా, పైగా మేమే డబ్బులివ్వాలా అని చాలామంది నొచ్చుకుంటారు. నల్గొండలో చెట్లు కొట్టేవాళ్లు దోచుకుంటున్నారన్న మాట కూడా ఈ మధ్య వినబడుతోంది. నలుగురైదుగురితో ఈ పని చేసుకుంటున్నవాడిగా, ఆ ధర వెనుక లెక్క ఏమిటో పాఠకులకు తెలియజేయాలని ఈ లేఖ రాస్తున్నాను.

చెలక గట్టున ఉన్న తుమ్మకో చింతకో కట్టె వ్యాపారే రైతుకు డబ్బిచ్చి కొట్టుకుపోయే ఆనవాయితీ మన ఊళ్లలో ఎప్పటి నుంచో ఉంది. అక్కడ మొదలు కోసి ఖాళీ ఉన్న వైపు పడేస్తే సగం పని అయిపోయినట్టే. అదే చెట్టు కాలనీలో ప్రహరీకీ డాబాకూ మధ్య ఉంటే, కొస నుంచి ముక్కముక్కగా కోస్తూ, ప్రతి ముక్కకూ తాడు కట్టి, కింద మనుషులు పట్టుకుని ఉండగా మెల్లగా దించాలి. చెలకలో ఒక పూటలో తెమిలే పని ఇక్కడ రోజంతా పడుతుంది, ఒక్కోసారి క్రేన్ కూడా పిలవాలి.

ఎత్తును బట్టి ధర ఉంటుందని అందరూ అనుకుంటారు గానీ, ఖర్చును ఎక్కువగా తేల్చేది చుట్టుకొలత. అది రెండింతలైతే అంతే పొడవు మొద్దులో కట్టె నాలుగింతలవుతుంది. రెండడుగుల వ్యాసం ఉన్న పచ్చి వేప మొద్దును మూడడుగుల ముక్కగా కోస్తే, ఆ ఒక్క ముక్క బరువే రెండు క్వింటాళ్లు దాటుతుంది. ఇక కూలి లెక్క చూడండి. మా దగ్గర పైకెక్కే మనిషికి రోజుకు రూ. 1,500, కింద తాడు పట్టే ముగ్గురికి తలా రూ. 800, కొమ్మా రెమ్మా ఎత్తిపోసే రెండు ట్రాక్టర్ ట్రిప్పులకు రూ. 3,000, రంపం మిషన్‌కు పెట్రోలు, ఆయిల్, చైన్ అరుగుదల కలిపి రూ. 600 అవుతాయి. మా లాభం, గోడ పగిలితే మేము పడే పూచీ ఇంకా కలపకముందే ఇది రూ. 7,500. మొద్దును వేళ్లతో సహా జేసీబీతో పెకలించాలంటే అది వేరే లెక్క. వేప, చింత, తుమ్మ కట్టెకు గిరాకీ ఉంది కాబట్టి దాని విలువను ధరలోంచి తగ్గించమని అడగడం న్యాయమే, అడగాలి కూడా. తురాయి లాంటి మెత్తని కట్టెకు మాత్రం కొనేవాడు దొరకడం కష్టం.

ఎండిన చెట్టు తేలికే కదా, తక్కువకే కొట్టవచ్చు కదా అనేవారు ఒక సంగతి గమనించాలి. ఎండిన కొమ్మ ఎప్పుడు పుటుక్కున విరుగుతుందో తెలియదు, దాన్ని నమ్మి మనిషి ఎక్కలేడు. కరెంటు తీగల పక్కనుంటే విద్యుత్ సిబ్బంది ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే తీగల్లో కరెంటు ఆపి ఇచ్చే అనుమతి) ఇచ్చేదాకా రంపం పట్టకూడదు, ఆ ఎదురుచూపుకూ కూలి పడుతుంది. వీటన్నిటినీ పక్కనపెట్టి సగం ధర చెప్పేవారు ఎక్కడ తగ్గించుకున్నారో చూడండి. ఏడాదికి రూ. 20 ప్రీమియంతో రూ. 2 లక్షల ప్రమాద బీమా ఇచ్చే ప్రధానమంత్రి సురక్షా బీమా యోజనలో కూడా చేరని మనిషిని అడ్డా నుంచి తెచ్చి, నడుముకు బెల్టు లేకుండా చెట్టెక్కిస్తున్నారు. నీరు, భూమి, చెట్ల రక్షణకు తెచ్చిన 2002 నాటి వాల్టా చట్టం ప్రకారం, మినహాయింపు ఉన్న కొన్ని జాతులు తప్ప, సొంత స్థలంలోని చెట్టుకైనా ముందుగా అనుమతి తీసుకోవాలన్న మాటే ఎత్తరు.

వచ్చి చూసినందుకు మేము కొద్ది మొత్తం తీసుకోవడం కొందరికి నచ్చదు. అది లేకపోతే మా సంపాదన అంతా కొట్టడం మీదే ఆధారపడుతుంది, అప్పుడు మేమిచ్చే సలహా ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. 2021లో మన జిల్లాల్లో వేపచెట్లు కొసల నుంచి ఎండిపోతుంటే చచ్చిపోయాయనుకుని కొట్టించినవారున్నారు. ఆగినవారి చెట్లలో చాలావాటికి మళ్లీ చిగుళ్లు వచ్చాయి. మహబూబ్‌నగర్ పిల్లలమర్రి కొమ్మ 2017 చివర్లో విరిగిపడ్డాక, అటవీశాఖ చెదల మందును సెలైన్‌లా ఎక్కించి, కొమ్మలకు ఊతంగా దిమ్మెలు కట్టి దాన్ని నిలబెట్టింది. కొట్టకుండా కాపాడటం కూడా పనే, దానికీ ఖర్చు ఉంటుంది.

అపార్ట్‌మెంట్ సంఘాలు, కళాశాలలు, మున్సిపాలిటీలు పని అప్పగించేటప్పుడు ‘చెట్టుకు ఇంత’ అని సంఖ్యను బట్టి కాకుండా, ఛాతీ ఎత్తులో చుట్టుకొలత, దగ్గరున్న గోడలు, తీగలు, కట్టె ఎవరిది, మొద్దు తీయాలా వద్దా అన్నవి కాగితం మీద రాసి ధరలు పిలవాలని కోరుతున్నాను. ఇంటి యజమానులు కూడా ఫోన్‌లో బేరమాడకుండా, ఇద్దరు ముగ్గురిని పిలిచి చూపించి, ఇవే వివరాలతో రాతపూర్వకంగా ధర తీసుకుంటే మంచిది.

భవదీయుడు,
చెట్ల కటింగ్ పనివాడు,
నల్గొండ