స్టంట్‌ను హెల్మెట్ చలాన్‌గా రాసి వదిలేయకండి: ఒడిశా రవాణా మంత్రి గారికి పర్లాకిమిడి నుంచి బహిరంగ లేఖ

ఒడిశా వాణిజ్య, రవాణా శాఖ మంత్రి గారికి,

అయ్యా, నమస్కారం.

నేను పర్లాకిమిడిలో మోటార్‌సైకిల్ మెకానిక్‌ని. ఇరవై రెండేళ్లుగా ఇదే పని. ఇంట్లో తెలుగు, కొట్లో సగం తెలుగు, సగం ఒడియా. ఒడియాలో రాయించిన ప్రతిని మీకు పోస్టులో పంపాను. తెలుగులో ఎందుకు రాస్తున్నానంటే, మా వీధుల్లోని తల్లులూ తండ్రులూ కూడా ఇది చదవాలి.

పోయిన వానాకాలం ఒక సాయంత్రం ఊరి బయట తిన్నని రోడ్డు మీద పందొమ్మిదేళ్ల గుంటడు ముందు చక్రం లేపి బండి నడిపాడు. స్నేహితుడు పక్కన నిలబడి ఫోన్‌లో తీస్తున్నాడు. ఎదురుగా ఎండుచేపల గంప నెత్తిన పెట్టుకుని ఒక ముసలమ్మ వస్తోంది. ఆమె మోకాలు నుజ్జయింది. గుంటడికి తొడ ఎముక విరిగింది. వారం తరవాత బండిని ట్రాలీ ఆటోలో నా కొట్టుకు తెచ్చారు. సీటు ఎత్తి చూస్తే స్పానర్ల సంచిలో నాలుగు మడతలు పెట్టిన చలాన్ కాగితం ఉంది. ప్రమాదానికి ఇరవై ఆరు రోజుల ముందుది. హెల్మెట్ లేదు, 1,000 రూపాయలు. అంతే.

వాళ్లమ్మను అడిగాను. "ఆ రోజు కూడా చక్రం లేపుతుంటేనే పట్టుకున్నారు బావూ. బతిమాలుకుంటే వెయ్యి కట్టించుకుని ఒగ్గీసారు" అంది. ఆ చలాన్ ఏ ఊళ్లో రాశారో, ఎవరు రాశారో నేను చెప్పను. ఒక మనిషి మీద పితూరీ చేయడానికి కాదు ఈ ఉత్తరం. రాసినాయన కూడా జాలిపడే ఉంటాడు. ఆ జాలి ఎక్కడికి తెచ్చిందో మీకు చెప్పాలని.

అప్పటి నుంచి చట్టం చదవడం మొదలుపెట్టాను. కోర్టు దగ్గర గుమాస్తాగా చేసే మా బావమరిది కూర్చోబెట్టి చదివి చెప్పాడు. రోడ్డు మీద చక్రం లేపడం హెల్మెట్ తప్పు కాదు. అది మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్, అంటే ప్రమాదకరంగా నడపడం. 2019 సవరణ తరవాత ఆ తప్పు మొదటిసారి చేస్తే ఆరు నెలలకు తగ్గకుండా ఏడాది దాకా జైలు, లేదా 1,000 నుంచి 5,000 దాకా జరిమానా, లేదా రెండూ. మూడేళ్లలోపు మళ్లీ చేస్తే రెండేళ్ల దాకా జైలు, లేదా 10,000 జరిమానా, లేదా రెండూ. పందెం వేసుకుని నడిపితే 189వ సెక్షన్ వేరే ఉంది.

ఇక్కడొక మెలిక ఉంది. హెల్మెట్ తప్పుకు రోడ్డు పక్కనే డబ్బు కట్టి బయటపడొచ్చు. 200వ సెక్షన్ ఆ వీలు ఇచ్చింది. 184కి మాత్రం, ఫోన్ చేత్తో పట్టుకుని నడిపిన సందర్భంలో తప్ప, ఆ వీలు లేదు. కోర్టుకు వెళ్లాల్సిందే. చట్టం చేసినవాళ్లు ఆ తేడా కావాలనే పెట్టారు. స్టంట్‌ను హెల్మెట్‌గా రాసిన రోజున ఆ తేడా చెరిగిపోతుంది. అంతకన్నా పెద్ద నష్టం ఇంకోటి ఉంది. మూడేళ్లలోపు రెండోసారి అనే లెక్క పెట్టాలంటే మొదటిసారి 184 కింద నమోదై ఉండాలి కదా! మొదటిది హెల్మెట్ అని రాస్తే రెండోది మళ్లీ మొదటిదే అవుతుంది. ఆ గుంటడు ఎన్నిసార్లు చక్రం లేపినా కాగితాల్లో కొత్తవాడే.

గుంటలందరినీ జైల్లో వేయమని నేను అడగడం లేదు. నాకూ కొడుకున్నాడు. 184లో జరిమానా మాత్రమే వేసే అధికారం కూడా మేజిస్ట్రేట్‌కు ఉంది. కానీ కోర్టు వాయిదాకు తండ్రితో వెళ్లి నిలబడ్డ గుంటడికీ, రోడ్డు మీద వెయ్యి విసిరి నవ్వుతూ పోయిన గుంటడికీ తేడా ఉంటుంది. వాళ్లను రోజూ చూస్తాను కాబట్టి చెబుతున్నాను.

ఇది ఎందుకంత ప్రమాదమో ఒక మెకానిక్‌గా చెప్పనివ్వండి. ముందు చక్రం లేచిందంటే ఆ బండికి ముందు బ్రేకు లేనట్టే. బండిని ఆపే బలంలో ఎక్కువ పాలు ముందు బ్రేకుదే. హ్యాండిల్ ఎటు తిప్పినా గాల్లో ఉన్న చక్రం దారి మార్చదు. హెడ్‌లైట్ వెలుగు పైకి పోతుంది. ట్యాంకు కళ్లకు అడ్డం వస్తుంది, ఎదురుగా మనిషి ఉన్నా కనబడదు. ఆ ముసలమ్మను గుద్దేదాకా చూడలేదని ఆ గుంటడు అన్నాడు. నేను నమ్మాను, అది నిజమే. చక్రం మళ్లీ నేలను తాకేటప్పుడు ఆ దెబ్బ ముందు చక్రాన్ని పట్టి ఉంచే ఫోర్కు మీద పడుతుంది, ఆయిల్ సీళ్లు పగులుతాయి. తరవాత ఆ బండిని ఏమీ తెలియని చెల్లెలో తమ్ముడో నడుపుతారు.

125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ నుంచి ఏబీఎస్ తప్పనిసరి. ఒక్కసారిగా బ్రేకు పట్టినా చక్రం బిగుసుకుపోకుండా కాపాడేది అదే. నా కొట్టుకు వచ్చి దాని ఫ్యూజ్ పీకేయమని అడిగినవాళ్లు ఉన్నారు. అద్దాలు విప్పమంటారు, నంబర్ ప్లేటు పైకి మడవమంటారు, సైలెన్సర్ లోపలి గొట్టం తీసి గుల్ల చేయమంటారు. నేను చేయను. పక్క వీధిలో చేస్తారు. బండిని ఇలా మార్పించుకున్న యజమానికి 182ఏ కింద ఆరు నెలల దాకా జైలు, లేదా మార్పు ఒక్కంటికి 5,000 జరిమానా, లేదా రెండూ ఉన్నాయి. మోత విషయానికి 190వ సెక్షన్‌లో మూడు నెలల దాకా జైలు, లేదా 10,000 దాకా జరిమానా, లేదా రెండూ, పైగా మూడు నెలలు లైసెన్స్ పోతుంది. మా మెకానిక్‌లలో ఈ మాట తెలిసినవాళ్లు బహు తక్కువ. మీ ఆర్టీవోలు జిల్లాకొకసారి మమ్మల్ని పిలిచి కూర్చోబెట్టి చెప్పాలి. గుంటలు ముందు వచ్చేది మా దగ్గరికే.

మనిషికి దెబ్బ తగిలాక కథ మారిపోతుంది. పాత శిక్షాస్మృతి బదులు వచ్చిన భారతీయ న్యాయ సంహిత 2024 జులై 1 నుంచి అమల్లో ఉంది. దాని 125వ సెక్షన్‌లో తీవ్ర గాయం అయితే మూడేళ్ల దాకా జైలు ఉంది. ప్రాణం పోతే 106(1) కింద ఐదేళ్ల దాకా. పాత శిక్షాస్మృతిలో అది రెండేళ్లే. ఇప్పుడు ఆ గుంటడి మీద 125 పడింది. ఉద్యోగానికి దరఖాస్తు పెట్టినప్పుడు కేసులున్నాయా అని అడిగే గడిలో వాడు ఏం రాయాలి? ఇరవై ఆరు రోజుల ముందు కోర్టు మెట్లు ఎక్కించి ఉంటే ఈ గడి వాడికి ఖాళీగానే ఉండేదేమో.

డబ్బు సంగతి కూడా ఇళ్లల్లో తెలియదు. ఇన్సూరెన్స్ ఉంది కదా అనుకుంటారు. లైసెన్స్ లేనివాడు గుద్దితే కంపెనీ బాధితులకు కట్టి, ఆ సొమ్మంతా బండి యజమాని దగ్గర వసూలు చేసుకునేలా కోర్టులు ఆదేశాలిస్తున్నాయి. 2025 జులైలో సుప్రీంకోర్టు ఒక కర్ణాటక కేసులో జోక్యం చేసుకోనంది. తన సొంత నిర్లక్ష్యంతో, అతివేగంతో కారు నడిపి చనిపోయిన మనిషి కుటుంబం 80 లక్షల పరిహారం అడిగితే అక్కడి హైకోర్టు రాదని చెప్పింది. ఆ తీర్పే నిలిచింది. చక్రం లేపి పడిపోయిన కొడుకు వెనక మిగిలిన తల్లికి ఈ దారీ మూసుకుపోతుందని ఎవరు చెప్పాలి?

పద్దెనిమిది నిండని పిల్లల మాటకొస్తే మోటారు వాహనాల చట్టం 199ఏ సెక్షన్ చాలా గట్టిది. తండ్రికో బండి యజమానికో మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా. బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లాడికి 25 ఏళ్లు వచ్చేదాకా లెర్నర్ లైసెన్స్ కూడా రాదు. తమకు తెలియకుండా జరిగిందని రుజువు చేసుకునే భారం పెద్దవాళ్లదే. పదో తరగతి పాసయ్యాడని బండి కొనిచ్చే తండ్రులు నా దగ్గరే సర్వీసింగ్ చేయిస్తారు. ఈ సెక్షన్ చెబితే తెల్లబోతారు.

మా ఊరికి ఇంకో చిక్కు ఉంది. మహేంద్రతనయ దాటితే పాతపట్నం, ఆంధ్ర. ఇక్కడ పట్టుకుంటారని తెలిస్తే గుంటలు అవతలికి పోతారు, అక్కడివాళ్లు ఇవతలికి వస్తారు. ఆదివారాలు గండాహతి జలపాతం దారిలో రెండు రాష్ట్రాల నంబర్లూ కలిసే కనబడతాయి. చట్టం కేంద్రానిది, నదికి అటూ ఇటూ ఒకటే. 206వ సెక్షన్ కింద 184 కేసులో పోలీసులు లైసెన్స్ తీసుకుని, అది ఇచ్చిన ఆఫీసుకే పంపొచ్చు. అది శ్రీకాకుళం ఆఫీసైనా సరే. దాన్ని రద్దు చేసే అధికారం, తిరిగి ఇచ్చే ముందు శిక్షణకు పంపే అధికారం 19వ సెక్షన్‌లో ఉన్నాయి. మీరు ఆంధ్ర రవాణా శాఖతో ఒక్కసారి మాట్లాడండి. హోం శాఖతో కూడా. స్టంట్ పట్టుకుంటే 184 రాయాలి, దాని బదులు హెల్మెట్ రాయకూడదు అని రాతపూర్వకంగా ఆదేశం ఇప్పించండి. సాక్ష్యం ఎక్కడిదని అడుగుతారేమో. వాళ్లు పెట్టుకున్న రీలే సాక్ష్యం. కొత్త సాక్ష్య చట్టం, అంటే భారతీయ సాక్ష్య అధినియమం, 63వ సెక్షన్ అడిగే ధ్రువపత్రం జతచేస్తే కోర్టులో పెట్టొచ్చు.

డబ్బు కట్టి రాజీ అయ్యే తప్పులకు కూడా జరిమానాతో పాటు సమాజ సేవ చేయించే అధికారం 200వ సెక్షన్ మీ ప్రభుత్వానికే ఇచ్చింది. ప్రమాదాల వార్డులో ఒక వారం రోగులకు నీళ్లు అందించమనండి.

చివరిగా ఒక విన్నపం. గిడుగు రామమూర్తి పంతులు గారు బడిలో పాఠాలు చెబుతూ, కొండల్లో సవరల భాష నేర్చుకుని, వాళ్ల భాషలో వాచకాలు రాసిన ఊరు మాది. మనిషికి తెలిసిన భాషలో చెప్పాలని ఆయన జీవితమంతా పోరాడారు. రోడ్డు భద్రత బోర్డులు మా జిల్లాలో ఒడియాతో పాటు తెలుగులో, సవర భాషలో కూడా పెట్టించండి. 184 అంటే ఏమిటో, 199ఏ అంటే ఏమిటో, మాట్లాడే భాషలో రెండేసి వాక్యాలు చాలు. పెట్రోల్ బంకుల దగ్గర, కాలేజీ గేట్ల దగ్గర, మా మెకానిక్ కొట్ల ముందు.

నా కొట్టు గోడ ఖాళీగానే ఉంది. మొదటి బోర్డు అక్కడే పెట్టుకోవచ్చు, అద్దె అక్కర్లేదు.

ఇట్లు,
ఒక మోటార్‌సైకిల్ మెకానిక్,
పర్లాకిమిడి, గజపతి జిల్లా