తీసేది రేడియోగ్రాఫర్, చదివేది రేడియాలజిస్ట్

ఎడిటర్ గారికి నమస్కారం.

మీ పేపరనే కాదు, ఏ పేపర్లో చూసినా ఎక్స్‌రే తీసే మనిషిని ఒకసారి రేడియాలజిస్ట్ అని, ఇంకోసారి ఆపరేటర్ అని రాసేస్తున్నారు. రెండూ తప్పేనండీ. తీసేవాళ్లు రేడియోగ్రాఫర్లు, తీసినదాన్ని చూసి జబ్బేమిటో రిపోర్టు రాసే డాక్టరు రేడియాలజిస్ట్. నేనూ ఈ పనిలోనే ఉన్నాను కాబట్టి ఊరుకోలేక రాస్తున్నాను.

1895 నవంబరులో జర్మనీలోని వుర్జ్‌బర్గ్‌లో రాంట్‌జెన్ అనే శాస్త్రవేత్త ఈ కిరణాలను కనిపెట్టాడు. మరుసటి ఏడాదికల్లా ఇంగ్లండ్, అమెరికాల్లో డాక్టర్లతో పాటు ఫొటోలు తీసేవాళ్లు, కరెంటు పని తెలిసినవాళ్లు కూడా ఎక్స్‌రేలు తీయడం మొదలుపెట్టేశారు గానీ వాళ్లను ఏమని పిలవాలో ఎవరికీ తేలలేదు. నీడను రాసేవాడన్న అర్థంలో కొందరు స్కయాగ్రాఫర్ అన్నారు. ఆ మాట పోయి, కిరణం అనే లాటిన్ మాటకు, రాయడం అనే గ్రీకు మాటకు ముడిపెట్టిన రేడియోగ్రాఫర్ నిలబడింది. 1920లో బ్రిటన్‌లో సొసైటీ ఆఫ్ రేడియోగ్రాఫర్స్ పెట్టుకున్నారు. అమెరికాలో ఇప్పుడు టెక్నాలజిస్ట్ అనే ఎక్కువగా అంటారు, మన సర్కారు ఆస్పత్రుల్లో మాత్రం పోస్టు పేరు రేడియోగ్రాఫరే.

ఆ తొలి రోజుల్లో కిరణాలు పుట్టించే ట్యూబు సరిగా పనిచేస్తోందో లేదో చూడటానికి తమ చెయ్యే అడ్డం పెట్టి చూసుకునేవాళ్లు. ఎడిసన్ దగ్గర పనిచేసిన క్లారెన్స్ డాలీకి అలాగే చేతులు పుండ్లు పడి, క్యాన్సరై, తీసేయాల్సి వచ్చింది, 1904లో చనిపోయాడు. ఇలా పోయినవాళ్ల పేర్లు చెక్కిన స్మారకం హాంబర్గ్‌లో ఉంది.

ఇప్పుడు బటన్ నొక్కితే చాలనుకుంటారు చాలామంది. ఆయాసంతో నిలబడలేని పెద్దాయనకు ఛాతీ ఎక్స్‌రే తీయాలంటే గడ్డం పైకెత్తించి, చేతులు నడుం మీద పెట్టించి, భుజాలు ముందుకు తోయించి, ఊపిరి గట్టిగా పీల్చి బిగపట్టమని చెప్పి, ఆయన పట్టలేక వదిలేసేలోపే ఎక్స్‌పోజర్ ఇవ్వాలి, అంటే కిరణాలు వదలాలి. భుజాలు ముందుకు రాలేదా, రెక్క ఎముకలు ఊపిరితిత్తుల మీద పడి డాక్టరుకు అసలు సంగతే కనబడదు.

పేరులో ఏముందిలే అంటారేమో. రాత్రిపూట ఎక్స్‌రే తీసే దిక్కు లేదని మీరే వార్త రాస్తారు, అందులో రేడియాలజిస్ట్ లేడని వేస్తారు. అధికారులు డాక్టరు పోస్టు గురించి ఓ వివరణ ఇచ్చి చేతులు దులుపుకుంటారు, ఖాళీగా ఉన్న రేడియోగ్రాఫర్ పోస్టు సంగతి ఎవరూ అడగరు. దయచేసి ఈసారి రాసేటప్పుడు ఏ పోస్టు ఖాళీగా ఉందో కనుక్కుని ఆ పేరే వేయండి.

– ఒక రేడియోగ్రాఫర్, గుంటూరు