వార్షిక నివేదిక 2025–26: కొత్త మోడళ్ల గురించి షోరూముల పరిజ్ఞానం, వాటి నిల్వలు

గౌరవనీయులైన సభ్యులకు నమస్కారం. విశాఖలోని ద్విచక్ర వాహనదారులం కలిసి నడుపుకుంటున్న ఈ సంఘం, ఈ ఏడాది తన శ్రమలో అధిక భాగాన్ని ఒకే విషయానికి వెచ్చించింది. కొత్త బండి కొనడానికి వెళ్లినవారికి షోరూములో దాని గురించి సరైన సమాచారం దొరుకుతోందా, వారు కోరిన బండి అసలు అక్కడ ఉంటోందా అన్నదే ఆ విషయం. రక్తదాన శిబిరం, హెల్మెట్ ప్రచారం, అరకు యాత్ర ఎప్పటిలాగే జరిగాయి. వాటి జమాఖర్చులు కోశాధికారి నివేదికలో ఉన్నాయి.

గాజువాక, ద్వారకానగర్, మద్దిలపాలెం, ఎన్‌ఏడీ కూడలి ప్రాంతాల షోరూములకు మన సభ్యులు మామూలు కొనుగోలుదారులుగా వెళ్లి, అడిగిన ప్రశ్నలనూ వచ్చిన జవాబులనూ రాసుకొచ్చారు. నెలవారీ వాయిదా ఎంతంటే తడుముకోకుండా చెప్పే అమ్మకపు సిబ్బంది, బ్రేకుల దగ్గరికి వచ్చేసరికి "ఏబీఎస్ ఉందండీ" అని సరిపెట్టడం ఎక్కువ చోట్ల కనిపించింది. ఏబీఎస్ అంటే గట్టిగా బ్రేకు వేసినా చక్రం బిగుసుకుపోయి జారకుండా చూసే ఏర్పాటు. 125 సీసీ దాటిన బండ్లన్నిటికీ 2019 ఏప్రిల్ 1 నుంచి ఏబీఎస్ తప్పనిసరి కనుక, ఆ జవాబు వల్ల కొనేవారికి తెలిసేదేమీ లేదు. అది ముందు చక్రానికి మాత్రమే పనిచేసే సింగిల్ చానలా, రెండు చక్రాలకూ పనిచేసే డ్యూయల్ చానలా అన్నది చెప్పాలి. ఒకే పేరుతో అమ్మే బండిలోనూ ఈ తేడా ఉంటుంది: 2022 ఆగస్టులో రాయల్ ఎన్‌ఫీల్డ్ హంటర్ 350 విడుదలైనప్పుడు రెట్రో రకానికి వెనుక డ్రమ్ బ్రేకు, సింగిల్ చానల్ ఇచ్చి, మెట్రో రకానికి వెనుక డిస్కు, డ్యూయల్ చానల్ ఇచ్చారు. వానల్లో అనంతగిరి ఘాట్ దిగే మనవాళ్లకు రంగు కన్నా ముందు తెలియవలసిన సంగతి ఇది. అదే ప్రశ్నకు సర్వీసు షెడ్డులోని మెకానిక్కులు ఎంతో ఓపికగా విడమరిచి చెప్పారు. అంటే పరిజ్ఞానం ఆ ఆవరణలోనే ఉంది, కౌంటరు దాకా రావడం లేదు.

నిల్వల విషయంలో గడిచిన దసరా అందరికీ గుర్తుండే ఉంటుంది. జీఎస్టీ తగ్గుతుందని ఆగస్టు 15న ప్రధాని ప్రకటించగానే కొనుగోళ్లు వాయిదా పడి బండ్లు యార్డుల్లో నిలిచిపోయాయి. సెప్టెంబరు 22న, సరిగ్గా నవరాత్రులు మొదలైన రోజున, 350 సీసీ వరకు పన్ను 28 నుంచి 18 శాతానికి దిగడంతో అందరూ ఒక్కసారిగా షోరూముల మీద పడ్డారు. 350 సీసీ దాటిన వాటికి మాత్రం సెస్సుతో కలిపి 31 శాతంగా ఉన్నది 40 శాతమైంది. ఈ గీత ఎక్కడుందో తెలియకనో, తెలిసీ తొందరపెట్టడానికో, 349 సీసీ బండికీ పన్ను పెరుగుతుందని ఒక షోరూములో మన సభ్యుడికి చెప్పారు. డీలర్లు బ్యాంకు అప్పుతో సరుకు తెస్తారు, అమ్ముడయ్యేదాకా వడ్డీ కడతారు. కాబట్టి త్వరగా పోయే రకాలనే, రంగులనే తెప్పించడాన్ని మేము తప్పుపట్టం. బండి ఎప్పుడొస్తుందో తెలియకుండానే "వారంలో ఇస్తాం" అని అడ్వాన్సు కట్టించుకోవడం మాత్రం అన్యాయం.

ఎక్కువకాలం నిలిచిన బండ్ల గురించి సభ్యులు మరింత జాగ్రత్తగా ఉండాలి. పొగ కాలుష్యాన్ని అదుపుచేసే భాగాల పనితీరును బండి తానే గమనించి లోపముంటే తెలపాలనే ఓబీడీ-2బీ నిబంధన 2025 ఏప్రిల్ 1న వచ్చాక చాలా మోడళ్లు మారాయి. మార్పుకు ముందు తయారైన బండిని మంచి తగ్గింపుతో కొనడం లాభమే కావచ్చు, అయితే ఆ సంగతి తెలిసి కొనాలి. మన సముద్రపు గాలికి ఆరుబయట యార్డులో నెలల తరబడి ఉన్న బండికి గొలుసు, బోల్టులు, సైలెన్సరు తుప్పుపడతాయి. డీలరు ఇచ్చే అమ్మకపు ధ్రువపత్రమైన ఫారం 21లో తయారీ నెల, సంవత్సరం ఉంటాయి. టైరు పక్కన అచ్చువేసిన నాలుగంకెల్లో మొదటి రెండు వారాన్ని, చివరి రెండు సంవత్సరాన్ని తెలుపుతాయి. 2225 అంటే 2025లో 22వ వారం. డబ్బు కట్టకముందే ఈ రెండూ చూడండి.

ప్రదర్శనలో ఉంచిన ప్రతి బండికీ తయారీ నెల, ఏబీఎస్ రకం తెలుగులో రాసిన చీటీ తగిలించాలని డీలర్లను కోరాం. కొందరు సరేనన్నారు, కొందరు కంపెనీ అనుమతి కావాలన్నారు. అమ్మకపు సిబ్బందికి మెకానిక్కులే పాఠం చెప్పే ఏర్పాటు చేయమనీ అడిగాం. దీనికి జవాబు రావలసి ఉంది. ఈ ఏడాది బండి కొన్న సభ్యులు ఫారం 21 నకలును, పేరు, చిరునామా కనిపించకుండా చేసి, కార్యదర్శికి అందజేయవలసిందిగా మనవి. తయారైన నెలకూ అమ్మిన నెలకూ మధ్య ఎంత ఎడం ఉంటోందో లెక్కతీసి, డీలర్లతో జరిపే తదుపరి సమావేశంలో వారి ముందుంచుతాం.