బడిలో తిండిని బహుమతి చేయొద్దు: జిల్లా విద్యాశాఖాధికారి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన అధికారి గారికి నమస్కారం.

మా అర్జీలకు జవాబు రానందున అందరి ఎదుటా రాస్తున్నాను. మా లంక ఊరి బడిలో ఎక్కం తప్పు లేకుండా ఒప్పజెబితే చాక్లెట్ ఇస్తారు. తడబడిన మా పాప, పక్కపిల్ల కాగితం విప్పుతుంటే తల దించుకుని పలక తుడుచుకుంటుందట. ఇప్పుడు లెక్కలంటేనే టెన్షన్. షుగర్ ఉన్న పిల్లల సంగతి చెప్పనక్కర్లేదు.

చక్కెర, ఉప్పు, కొవ్వు ఎక్కువున్న తిండిని బడిలో, గేటు నుంచి 50 మీటర్ల లోపు అమ్మకూడదని 2020 నాటి కేంద్ర ఆహార భద్రతా నిబంధనలున్నాయి. అమ్మకూడనిది బహుమతిగా ఎలా ఇస్తారు? అడిగినవారికల్లా అన్నం పెట్టిన డొక్కా సీతమ్మ గారి నేల ఇది. మధ్యాహ్న భోజనానికి ఆమె పేరే పెట్టారు.

తిండిని బహుమతిగా ఇవ్వొద్దని ఈ నెలలోనే అన్ని బడులకూ సర్క్యులర్ పంపండి. పెన్సిలో, కథల పుస్తకమో ఇవ్వమనండి.

ఇట్లు,
ఒక విద్యార్థిని తల్లి