రేషన్ బియ్యం లెక్కలను ఎదురెదురుగా పెట్టి చూడండి: పౌర సరఫరాల మంత్రికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన ఆంధ్రప్రదేశ్ పౌర సరఫరాల శాఖ మంత్రి శ్రీ నాదెండ్ల మనోహర్ గారికి,

నమస్కారములతో రాయునది.

రేషన్ బియ్యం అక్రమ రవాణాపై పోరాటం ఇప్పటివరకు ప్రజలకు ఎక్కువగా దాడుల రూపంలోనే కనిపించింది. బాధ్యతలు చేపట్టిన తొలి రోజుల్లోనే మీరు కాకినాడ గోదాములను స్వయంగా తనిఖీ చేశారు. 2024 నవంబరులో కాకినాడ తీరానికి దూరంగా లంగరు వేసి ఉన్న స్టెల్లా ఎల్ నౌకలో రేషన్ బియ్యం బయటపడింది. అందులో 640 టన్నులు ఉన్నట్టు మొదట చెప్పారు, పరిశీలన తర్వాత 1,320 టన్నులని తేల్చారు. బియ్యం ఊళ్లు దాటి, బార్జి (సరుకు పడవ) ఎక్కి, నౌకలోకి చేరాక గానీ అది ఎవరిదో, ఎంత ఉందో వెతుక్కోవలసి రావడమే నా దృష్టిలో అసలు లోపం. దారి పొడవునా ప్రభుత్వానికి ఏదో ఒక లెక్క ఉంది. ఆ లెక్కలను ఎదురెదురుగా పెట్టి చూడాలన్నదే ఈ లేఖ సారాంశం.

చౌకధరల దుకాణంలో ఈ-పోస్ యంత్రం మీద వేలిముద్ర పడితే ఆ నెల పంపిణీ సరిపోయినట్టే. కార్డుదారు బియ్యానికి బదులు డబ్బు తీసుకుని వెళ్లినా పడేది అదే వేలిముద్ర. వాళ్లు అవసరం కొద్దీ అమ్ముకుంటున్నారా, అన్నం బాగుండదని అమ్ముకుంటున్నారా అన్నది వేరే చర్చ. దుకాణం దగ్గరి డేటాను ఎంత తవ్వినా ఈ చిల్లు కనబడదు కాబట్టి, కిలోల లెక్కన చెదిరిపోయిన బియ్యం మళ్లీ లారీ లోడుగా పోగయ్యే చోట వెతకాలి. అలాంటి చోట్లలో ముఖ్యమైనవి రెండు: మిల్లు, రేవు.

ప్రభుత్వం అప్పగించిన ప్రతి క్వింటా ధాన్యానికి మిల్లరు పచ్చి బియ్యమైతే 67 కిలోలు, ఉప్పుడు బియ్యమైతే 68 కిలోలు సీఎంఆర్ (కస్టమ్ మిల్డ్ రైస్, అంటే ప్రభుత్వ ధాన్యాన్ని ఆడించి అప్పగించే బియ్యం) కింద తిరిగి ఇవ్వాలి. ధాన్యాన్ని బయట అమ్ముకుని, పోగుచేసిన రేషన్ బియ్యానికే మళ్లీ పాలిష్ పట్టి సీఎంఆర్‌గా అప్పగించడాన్ని రీసైక్లింగ్ అంటారు. అప్పుడు గోదాములో తూకమూ సరిపోతుంది, సంచులూ సరిపోతాయి. కానీ ధాన్యం ఆడించాలంటే కరెంటు కాలాలి. టన్నుకు ఎన్ని యూనిట్లు పడుతుందో ఒక్కో మిల్లు పాత బిల్లులే చెబుతాయి. బియ్యం నిండుగా అప్పగించిన నెలలో మీటరు సగం కూడా తిరగకపోతే, అక్కడికి మనిషిని పంపాలని చెప్పడానికి పెద్ద కృత్రిమ మేధ అక్కర్లేదు, ఒక తీసివేత చాలు. ఊక, తవుడు అమ్మకాలు రెండో సాక్ష్యం. జనరేటరు మీదా, సొంత విద్యుత్తు మీదా నడిచే మిల్లులుంటాయి కాబట్టి ఈ తేడాను అనుమానానికి ఆధారంగా తీసుకోవాలే గానీ శిక్షకు కాదు. మీటరు రీడింగులు విద్యుత్ పంపిణీ సంస్థల (డిస్కంల) దగ్గర, సీఎంఆర్ వివరాలు మీ శాఖ దగ్గర ఉన్నాయి. రెండూ కలవడానికి కావలసింది ఒక ఉత్తర్వు.

ఇక రవాణా. ఏ గోదాము నుంచి ఏ దారిన పంపితే ఖర్చు తగ్గుతుందో లెక్కగట్టే అన్నచక్ర విధానాన్ని కేంద్రం 2024 డిసెంబరులో ప్రారంభించింది. ఏటా సుమారు 250 కోట్ల రూపాయలు ఆదా అవుతాయని అంచనా. (కిలోమీటరు లెక్కన చెల్లింపు జరిగే చోట దగ్గరి దారి ఎవరికి రుచించదో మీకు చెప్పనక్కర్లేదు.) ఈ లెక్క భద్రతకూ అంతే పనికొస్తుంది. మండల స్టాక్ పాయింటు నుంచి దుకాణానికి లారీ వెళ్లవలసిన దారి, పట్టవలసిన సమయం ముందే తేలితే, అది ఏ మిల్లు గేటు దగ్గరో చాలాసేపు ఆగిన వెంటనే జీపీఎస్ ద్వారా సంబంధిత అధికారికి కబురు అందుతుంది. అయితే రెండు చివరలా తూకం మనిషి చేత్తో రాయకుండా కాటా నుంచి నేరుగా కంప్యూటరులోకి ఎక్కితేనే ఈ జీపీఎస్‌కు విలువ.

ప్రైవేటు లారీల దగ్గర మాత్రం చట్టంలోనే ఖాళీ ఉంది. 25 కిలోలు మించిన సంచుల్లో వెళ్లే బియ్యానికి జీఎస్టీ మినహాయింపు ఉంది, మినహాయింపు సరుకుకు ఈ-వే బిల్లు (సరుకు ఎక్కడి నుంచి ఎక్కడికి వెళ్తోందో ఆన్‌లైన్‌లో నమోదు చేసే పత్రం) అక్కర్లేదు. అందువల్ల రేవు వైపు కదిలే బియ్యం లోడు ఎక్కడ బయలుదేరిందో చెప్పే నమోదే ఉండనక్కర్లేదు. మినహాయింపులో ఉన్నా డీ-ఆయిల్డ్ కేకుకు (నూనె తీసేసిన పిండికి) ఈ-వే బిల్లు కావాలన్న నిబంధన ఇప్పటికే ఉంది. పన్ను వేయకుండానే బియ్యానికీ ఆ నమోదు తప్పనిసరి చేయాలని జీఎస్టీ మండలిలో రాష్ట్రం తరఫున ప్రతిపాదించండి. లోడు ఏ మిల్లుదో, ఆ మిల్లు ఆ నెల ఎంత ఆడించిందో తెలిస్తే రేవు దగ్గర ప్రతి లారీనీ ఆపనక్కర్లేదు. లెక్క కుదరని వాటినే ఆపవచ్చు. నిజాయతీగా ఎగుమతి చేసేవారికి డెమరేజీ (ఆలస్యానికి కట్టే రుసుము) భారం తప్పుతుంది.

ఒక హెచ్చరిక కూడా చేయవలసి ఉంది. తెలంగాణలో కంప్యూటరు లెక్కలను నమ్మి రద్దు చేసిన సుమారు 19 లక్షల రేషన్ కార్డులను క్షేత్రస్థాయిలో మళ్లీ పరిశీలించాలని 2022 ఏప్రిల్‌లో సుప్రీంకోర్టు ఆదేశించవలసి వచ్చింది. అల్గారిథం పొరబడితే లారీ ఒక పూట ఆగుతుంది. కార్డు పోతే ఒక ఇంట్లో పొయ్యి వెలగదు. కాబట్టి ఈ వ్యవస్థ చూపు మిల్లుల మీద, లారీల మీద, ఎగుమతి లోడుల మీదే ఉండాలనీ, దాని ఆధారంగా ఏ ఒక్క కార్డునూ నిలిపివేయరాదనీ ఉత్తర్వులోనే రాయించండి. ఏ కారణంతో ఏ మిల్లును అనుమానించారో ఆ మిల్లరుకు లిఖితపూర్వకంగా చెప్పి, సమాధానమిచ్చే అవకాశం కల్పించండి.

రాష్ట్రమంతటా ఒకేసారి మొదలుపెట్టమని కోరడం లేదు. వచ్చే ఖరీఫ్ ధాన్యం మిల్లులకు చేరేలోగా కాకినాడ జిల్లా వరకు కరెంటు మీటరు, సీఎంఆర్, జీపీఎస్ లెక్కలను కలిపి చూసే ఏర్పాటు చేయించండి. ఎన్ని హెచ్చరికలు వచ్చాయో, వాటిలో ఎన్ని నిజమయ్యాయో, ఎన్ని తప్పని తేలాయో సీజను ముగియగానే మీ శాఖ వెబ్‌సైటులో పెట్టించవలసిందిగా మనవి.

భవదీయుడు,
సరుకు రవాణా లెక్కలతో పనిచేసే ఒక కాకినాడ వాసి